నెల్లూరులో కొన్న ఫించ్ జత, దానితో అంటగట్టిన టానిక్కు

సంక్రాంతికి ముందు నెల్లూరులోని ఒక పక్షుల దుకాణంలో జీబ్రా ఫించ్‌ల జతను 700 రూపాయలకు కొన్నాను. పక్షుల పోషణ విషయంలో ఆ దుకాణానికి వంక పెట్టలేను. పంజరాలు శుభ్రంగా ఉన్నాయి, ఇచ్చిన కొర్రల్లో పురుగు లేదు, కావలి దాకా బస్సులో తెచ్చినా రెండు పక్షులూ ఆ సాయంత్రమే మేత ముట్టాయి. అయితే "రెండూ పాడతాయి సార్" అన్న మాట నిలవలేదు. నారింజ బుగ్గల మగది తెల్లవారుతూనే అందుకుంటుంది గాని, ఆడది పొట్టి కూతలు తప్ప పాట ఎత్తలేదు.

నెల తరువాత వెళ్లి అడిగితే దానికి గొంతు పట్టిందని, "ఈ టానిక్కు నీళ్లలో పది చుక్కలెయ్యండి, పాడుద్ది" అని 180 రూపాయల సీసా ఇచ్చారు. చీటీ చదివితే అందులో ఉన్నవి విటమిన్లే. నా ఫిర్యాదంతా ఈ సీసా మీదనే.

ఆడ జీబ్రా ఫించ్ పాడకపోవడం జబ్బు కాదు, దాని మెదడు అమరికే అంత. పాటను నడిపే హెచ్‌వీసీ, ఆర్‌ఏ అనే మెదడు కేంద్రాలు మగవాటిలో ఎంతో పెద్దవని 1976లోనే నాటెబోమ్, ఆర్నాల్డ్ అనే శాస్త్రవేత్తలు చూపారు; పాట నేర్వడానికి కావలసిన ఏరియా ఎక్స్ అనే మెదడు భాగం ఈ జాతి ఆడదానిలో విడిగా కనబడదు. కూనగా ఉన్నప్పుడు రెండింటి ఆర్‌ఏ ఇంచుమించు ఒకే తీరున ఉన్నా, పెరిగేకొద్దీ ఆడదానిలో నాడీకణాలు కుంచించుకుపోయి ఎన్నో చనిపోతాయి, హెచ్‌వీసీ నుంచి బయలుదేరిన నాడీ తంతువులు ఆర్‌ఏ అంచు దాకా వచ్చి లోపలికి చొరకుండా ఆగిపోతాయి. గుడ్డు నుంచి వెలువడిన తొలి రోజుల్లో ఈస్ట్రడయాల్ అనే ఆడ హార్మోను ఇస్తే ఆడ కూన మెదడు మగదాని తీరుకు మళ్లుతుంది గాని, ఎదిగిన ఆడదానికి మగ హార్మోను ఇచ్చినా పాట రాదు. కెనరీలనే మరో పాటపిట్టల సంగతి వేరు: ఎదిగిన ఆడదానికి టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోను ఇస్తే ఆ కేంద్రాలు పెరిగి అది పాడుతుంది. దుకాణదారు ఈ కెనరీ ముచ్చటే ఎక్కడో విని ఫించ్‌కు తగిలించారేమో. అయినా కోయిలమ్మ అని పిలుస్తూ మగ కోయిల కూతను మెచ్చుకునే మనం ఆయనను మరీ తప్పుపట్టలేం.

సీసా మూత తీయకుండానే తీసుకువెళ్లినా వెనక్కి తీసుకోలేదు. పక్షులకు ఐదుకు నాలుగు, సలహాకు ఒకటి ఇస్తాను. పాట కోసమే కొనేవారు బుగ్గ రంగు చూసి మగదాన్ని ఎంచుకోవాలి. గొంతు పట్టిందన్న ఆడది ఇప్పుడు మట్టికుండలో నాలుగు గుడ్లు పొదుగుతోంది.