ఒకే సముద్రం, రెండు సాల్మన్‌లు: బ్రిస్టల్ బే సాకై, యూకాన్ చినూక్

మన పులస గోదావరికి ఎదురీదినట్టే, అలాస్కాలో సాల్మన్ చేపలు గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి నదుల్లోకి వస్తాయి. అక్కడి బేరింగ్ సముద్రం వేడెక్కుతోంది. ఆ వేడి సాకై రకానికి ఇప్పటిదాకా కలిసొచ్చింది, చినూక్‌ని మాత్రం కుంగదీసింది.

2022లో బేరింగ్ సముద్రపు అఖాతమైన బ్రిస్టల్ బేకి దాదాపు 7.9 కోట్ల సాకైలు తిరిగొచ్చాయి. అప్పటికి అదే రికార్డు. సాకై పిల్లలు ముందు ఒకట్రెండేళ్లు సరస్సుల్లో పెరుగుతాయి. మంచు త్వరగా కరిగితే వాటికి మేత బాగా దొరుకుతుంది. దాంతో రెండేళ్లు ఆగాల్సిన పిల్ల ఏడాదికే సముద్రం బాట పడుతుంది.

యూకాన్ నదిలోకి వచ్చే చినూక్ పరిస్థితి వేరు. కెనడా ఎగువ ఏర్ల దాకా వెళ్లే చేప దాదాపు 3,000 కి.మీ. ఏటికి ఎదురీదాలి. నదిలోకి వచ్చాక మేత ముట్టదు, ఒంట్లో కొవ్వే ఆధారం. నీళ్లు వేడెక్కితే ఆ కొవ్వు తొందరగా కరిగిపోతుంది. దానికి ఇక్తియోఫోనస్ అనే పరాన్నజీవి తోడైతే చాలా చేపలు దారిలోనే చచ్చిపోతాయి. తిరిగొచ్చేవాటి సైజూ తగ్గింది, చిన్న ఆడచేప పెట్టే గుడ్లూ తక్కువే. 2024లో అలాస్కా, కెనడా ఏడేళ్ల పాటు ఈ చేప వేట ఆపాలని ఒప్పందం చేసుకున్నాయి. దీన్ని కోసి, ఎండబెట్టి, పొగబెట్టి చలికాలానికి దాచుకునే ఆదివాసీ కుటుంబాలకు ఇది ఎంత పెద్ద దెబ్బో!

బ్రిస్టల్ బేని చూపించి "వేడి పెరిగితే చేపలకు మంచిదే" అంటే నేను ఒప్పుకోను. అక్కడి సాకై కూడా సైజు తగ్గుతూ వస్తోంది. సముద్రంలో ఇన్ని చేపలు ఒకే మేతకు పోటీ పడటం దానికో కారణం.