పీచు గోడౌన్ కాలింది: పట్టికా, చేతిలెక్కా, కంప్యూటరా... ఏది మేలు?

అంబాజీపేట దగ్గర కొబ్బరి పీచు గోడౌన్ ఒకటి కాలింది. మంట పూటలోనే అదుపులోకి వచ్చింది కానీ బేళ్ళ లోపల నిప్పు మాత్రం మూడు రోజులు రగులుతూనే ఉంది. రెండంతస్తుల ఆర్‌సీసీ కట్టడం. చల్లారాక వెళ్ళి చూస్తుంటే యజమాని అడిగారు: "ఇది ఉంచొచ్చా, పడగొట్టాలా? పక్కన మా తమ్ముడు కొత్తది కడుతున్నాడు, దానికేం చెయ్యాలి? కంప్యూటర్లో వేసి చూస్తే అంతా తేలిపోద్దంట కదండీ?"

ఆయన అడిగినవి రెండు ప్రశ్నలు. రెండింటికీ ఒకే పద్ధతి పనికిరాదు. మంటల్లో కాంక్రీటు ఎంతసేపు నిలబడుతుందో తేల్చడానికి మా ఇంజినీర్ల చేతిలో మూడు దారులున్నాయి.

మొదటిది పట్టిక. కాంక్రీటు కట్టడాలకు మన దేశపు కోడ్ అయిన ఐఎస్ 456 తిరగేస్తే ఎన్ని గంటలకు ఎంత మందం, ఎంత కవర్ (రాడ్ల పైన ఉండే కాంక్రీటు పొర) కావాలో అంకెలు సిద్ధంగా ఉంటాయి. రెండు గంటలు తట్టుకోవాలంటే శ్లాబు మందం 125 మి.మీ., నాలుగు వైపులా మంట తగిలే కాలమ్ వెడల్పు 300 మి.మీ., మామూలు ఆనికల మీద కూర్చునే బీముకు కవర్ 40 మి.మీ., కాలమ్‌కూ 40. ఖర్చు లేదు, తప్పు పోయే అవకాశం తక్కువ. మన గోదావరి డెల్టాకు ఇందులో ఇంకో మేలు కూడా ఉంది. సముద్రపు గాలి తగిలే కట్టడానికి ఉప్పు నుంచి రాడ్లను కాపాడటానికి అదే కోడ్ 45 మి.మీ. కవర్ అడుగుతుంది. ఉప్పు కోసం ఆ కవర్ నిజంగా ఇస్తే బీములకూ కాలమ్‌లకూ రెండు గంటల మంటకు కావలసిన కవర్ దానంతటదే వచ్చేస్తుంది. నిజంగా ఇస్తేనే సుమా! కవర్ బ్లాకులు లేవని రాడ్ల కింద కంకర రాయి పెట్టి శ్లాబు పోసేసిన చోట, డ్రాయింగులో 45 ఉన్నా లోపల 15 ఉంటుంది. అప్పుడు ఏ పద్ధతిలో లెక్క వేసినా అది కాగితం మీది లెక్కే.

రెండోది చేతిలెక్క. యూరప్ కోడ్‌లో ఉన్న 500 డిగ్రీల గీత పద్ధతి నాకు చాలా ఇష్టం. మంట తగిలిన కాంక్రీటులో 500 డిగ్రీలు దాటిన పొరను లేనట్టే తీసేయాలి. లోపల మిగిలినదానికి పూర్తి బలం ఉన్నట్టు లెక్కించాలి. ప్రతి రాడ్డుకూ అది ఎంత వేడెక్కిందో చూసి దాని బలం తగ్గించుకోవాలి. హాట్ రోల్డ్ రాడ్డుకు 500 డిగ్రీల దగ్గర నాలుగింట మూడొంతుల బలం ఉంటుంది, 600 దగ్గర సగం కూడా ఉండదు. 300 మి.మీ. కాలమ్‌లో నాలుగు వైపులా 40 మి.మీ. చొప్పున పోయిందనుకోండి, మిగిలేది 220. వైశాల్యంలో అది సగానికి కాస్త ఎక్కువ. ఒక్క సాయంత్రంలో, ఒక కాగితం మీద, కాలమ్ నిలబడుతుందా లేదా అన్న అంచనా వచ్చేస్తుంది. ఎందుకు నిలబడుతుందో యజమానికి వేలు పెట్టి చూపించొచ్చు కూడా.

ఈ రెండింటికీ ఒకే లోపం ఉంది. రెండూ ఒక ప్రామాణిక మంటను నమ్ముకుంటాయి. ఐఎస్ఓ 834 అనే ఆ మంట అరగంటలో 842 డిగ్రీలకు, గంటకు 945కు, రెండు గంటలకు 1049కి చేరుతుంది. ఎప్పటికీ చల్లారదు. పీచు అలా కాలదు. కాసేపు భగ్గుమని, తర్వాత తక్కువ వేడితో రోజుల తరబడి రగులుతుంది. వేడి తక్కువైనా అంతసేపు ఉంటే లోపలికి దిగిపోతుంది. ఇక గ్యాస్ మంట మరో రకం. 1995లో పాశర్లపూడి బావి 65 రోజులు మండింది. 2014లో నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైపులైను పేలింది. ఇలాంటి హైడ్రోకార్బన్ (గ్యాస్, చమురు) మంటకు లెక్కల్లో వాడే వేరే ఉష్ణోగ్రత గీత కొద్ది నిమిషాల్లోనే వెయ్యి డిగ్రీలు దాటి, 1100 దగ్గర నిలుస్తుంది. కోనసీమలో పైపులైను పక్కన కట్టే దేనికైనా మామూలు పట్టిక చూసి ధైర్యం చెప్పలేను.

ఇక్కడే మూడో దారి, కంప్యూటర్ మోడలింగ్, పనికొస్తుంది. అందులో మూడు మెట్లున్నాయి. మంట ఎలా పెరిగి ఎలా తగ్గిందో ముందు లెక్కించాలి. దీనికి అమెరికా ప్రమాణాల సంస్థ ఉచితంగా ఇచ్చే ఎఫ్‌డీఎస్ అనే సాఫ్ట్‌వేర్ వాడొచ్చు. తర్వాత ఆ వేడి కాంక్రీటులోకి గంట గంటకూ ఎంత దిగిందో చూడాలి. చివరగా ఆ వేడికి బీములు, కాలమ్‌లు, శ్లాబులు కలిసిన ఫ్రేమ్ అంతా ఎలా సాగింది, వంగింది, ఒకదాన్నొకటి ఎలా తోసుకుంది అన్నది తేల్చాలి. బెల్జియంలోని లీజ్ విశ్వవిద్యాలయం వారి సాఫిర్, ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో పుట్టిన వల్కన్ అనే సాఫ్ట్‌వేర్లు ఇందుకోసమే తయారయ్యాయి.

ఆ మూడో మెట్టు వేరే ఏ పద్ధతిలోనూ లేదు. 2001లో ఇంగ్లండ్‌లోని కార్డింగ్టన్‌లో ఏడంతస్తుల కాంక్రీటు కట్టడంలో నిజంగా నిప్పు పెట్టి చూశారు. శ్లాబు అడుగు పెచ్చులు పెచ్చులుగా ఊడిపడి రాడ్లు బయటపడ్డాయి. ఒంటరి శ్లాబుగా లెక్క వేస్తే పడిపోవాలి. పడలేదు. చుట్టూ ఉన్న కట్టడం బిగించి పట్టుకోవడంతో బరువు మోసింది. అదే శ్లాబు సాగి కాలమ్‌లను పక్కకు నెట్టింది కూడా. ఒక భాగం మరొకదాన్ని కాపాడటం, ఒక భాగం మరొకదాన్ని దెబ్బతీయడం రెండూ పట్టికలో కనిపించవు.

చల్లారేటప్పటి సంగతి ఇంకా ముఖ్యం, అందరూ మరిచిపోయేదీ అదే. బయట మంట ఆరిపోయాక కూడా కాంక్రీటు నడిమధ్యకు వేడి పాకుతూనే ఉంటుంది. 2004లో స్విట్జర్లాండ్‌లోని గ్రెట్సెన్‌బాఖ్‌లో భూగర్భ పార్కింగ్ కాలినప్పుడు శ్లాబు కూలి ఏడుగురు అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. అందుకే మంట ఆరింది కదా అని గోడౌన్‌లోకి మిగిలిన బేళ్ళ కోసం వెళ్ళబోతున్న కూలీలను ఆ రోజు గట్టిగా ఆపాను. యజమానికి కోపం వచ్చింది. వస్తే రానీ.

అయితే కంప్యూటర్‌ను పూర్తిగా నమ్మేయవచ్చా? కుదరదు. కాంక్రీటు పెచ్చులూడటాన్ని మోడళ్ళు ఇప్పటికీ నమ్మకంగా ముందే చెప్పలేవు. లోపలి తేమ ఆవిరై, దారి దొరక్క ఒత్తిడి పెంచడం ఆ ఊడటానికి ఒక పెద్ద కారణం. మన దగ్గర గాలిలో తేమ ఎక్కువ. వరి చేల మధ్య, కాలవ గట్టు మీద కట్టిన గోడలు ఏడాదంతా చెమ్మగానే ఉంటాయి. మరో సంగతి, గోదావరి ఇసుకలో క్వార్ట్జ్ అనే ఖనిజం శాతం ఎక్కువ. అది 573 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా వ్యాకోచించి కాంక్రీటును లోపల్నుంచి చీలుస్తుంది. ఇవి తెలియకుండా సాఫ్ట్‌వేర్‌లో ఉన్న విలువలు ఉన్నట్టే వదిలేసి రంగుల బొమ్మ తీస్తే, అది చూడ్డానికి బాగుంటుంది గానీ మన గోడౌన్ బొమ్మ కాదు.

కాబట్టి తమ్ముడి కొత్త గోడౌన్‌కు పట్టికే చాలు అన్నాను. కాలమ్ 300కు తగ్గొద్దు, కవర్ 45, సిమెంటు కవర్ బ్లాకులు కొని తెచ్చి నా ముందు పెట్టించాలి. మోడలింగ్‌కు పెట్టే డబ్బుతో మధ్యలో ఒక అడ్డుగోడ కట్టి సరుకును రెండుగా విడదీస్తే ఎక్కువ లాభం. ఒక గదిలో అంటుకున్నది రెండో గదికి పాకడానికి టైమ్ పడుతుంది.

కాలిన గోడౌన్‌కు మాత్రం మోడలే మేలు. అక్కడ పట్టిక అసలు పనికిరాదు, ఎందుకంటే అది కట్టకముందు వేసే లెక్క. మంటలో పోయిన కాంక్రీటు బలం చల్లారాక తిరిగి రాదు, ఇంకొంత తగ్గుతుంది. 600 దాటిన టీఎంటీ రాడ్డు పైపొర తన గట్టిదనంలో కొంత శాశ్వతంగా కోల్పోతుంది. ఎక్కడ ఎంత వేడెక్కిందో చోటు చోటుకీ తెలియాలి. మోడల్ చెప్పింది నిజమో కాదో సరిచూసుకునే దారి కూడా ఉంది. సుమారు 300 డిగ్రీలు చూసిన కాంక్రీటు చాలాసార్లు గులాబీ రంగుకు తిరుగుతుంది. కాలమ్‌లోంచి కోర్ (డ్రిల్ చేసి తీసే గుండ్రటి కాంక్రీటు ముక్క) తీస్తే ఆ రంగు ఎంత లోతుదాకా ఉందో స్కేలు పెట్టి కొలవొచ్చు. మోడల్‌లో 300 డిగ్రీల గీత అదే లోతుకు రావాలి. రాకపోతే మంట లెక్క మళ్ళీ మొదటినుంచి.

తూర్పు వరసలో బేళ్ళు ఎక్కువసేపు రగిలిన నాలుగు కాలమ్‌ల నుంచి వచ్చే వారం కోర్లు తీస్తున్నాం. అప్పటిదాకా పై శ్లాబు కింద పెట్టిన జాకీలు తీయొద్దని చెప్పి వచ్చాను.