ఎనిమిదేళ్లు, 94 వేల కిలోమీటర్ల సిటీ సీవీటీ: రీమ్యాప్ చేయిద్దామా, వద్దా?

2017 చివర్లో తీసుకున్నాను. హోండా సిటీ, పెట్రోల్, ఆటోమేటిక్, వీ వేరియంట్. ఇల్లు విజయవాడ పటమటలో, పని గుంటూరులో. వారానికి మూడు రోజులు బెంజ్ సర్కిల్, వారధి, మంగళగిరి, కాజా టోల్‌గేట్ మీదుగా వెళ్లి రావాలి. మైలేజీ ఊళ్లో 11, హైవేలో 16 దాకా వస్తుంది. ఏసీ, సీట్లు, డిక్కీ అన్నీ ఇప్పటికీ బాగున్నాయి, వాటి గురించి ఇంతకంటే చెప్పేది లేదు. నేను రాయాలనుకున్నది పికప్ గురించి.

2022 వేసవిలో, బండి 60 వేలు దాటాక, నాకు అసంతృప్తి మొదలైంది. చిలకలూరిపేట వైపు వెళ్తుంటే మిర్చి టిక్కీలు ఎత్తుగా కట్టిన లారీలు రెండు లేన్లూ పట్టుకుని వెళ్తుంటాయి. సందు దొరికినప్పుడు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ముందు మోత వస్తుంది, వేగం ఆ తర్వాత వస్తుంది. ఇది బండి లోపం కాదు, సీవీటీ అనే ఈ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ తీరే అంత. అందులో మామూలు గేర్లు ఉండవు. రెండు పుల్లీలు, వాటి మధ్య స్టీల్ బెల్ట్ ఉంటాయి. ఒక్కో పుల్లీలోని రెండు సగాలు దగ్గరికీ దూరానికీ జరిగితే గేరు నిష్పత్తి మారుతుంది. బలం కావాలని తొక్కగానే ముందు ఇంజన్‌ను పై ఆర్‌పీఎమ్‌కి (నిమిషానికి తిరిగే చుట్లు) తీసుకెళ్తుంది, తర్వాతే చక్రాలకు ఇస్తుంది. ఈ 1.5 లీటర్ ఇంజన్ 119 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) ఇస్తుంది. కానీ 145 న్యూటన్ మీటర్ల పూర్తి టార్క్, అంటే ఇంజన్ తిప్పే బలం, వచ్చేది 4,600 ఆర్‌పీఎమ్ దగ్గర. అంతవరకు తిరగనివ్వాల్సిందే.

అదే సమయంలో మా బావమరిది తన సెడాన్‌కు రీమ్యాప్ చేయించాడు, అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్పించాడు. "బావా, 30 వేలు పెడితే బండి వేరే అయిపోద్ది" అన్నాడు. నడిపి చూశాను, నిజంగానే మారింది. తొక్కిన వెంటనే సీటుకు అతుక్కుపోయాను. అయితే అతనిది టర్బో పెట్రోల్. టర్బో గాలిని ఒత్తిడితో ఇంజన్‌లోకి తోస్తుంది. సాఫ్ట్‌వేర్ మారిస్తే ఆ ఒత్తిడి (బూస్ట్) పెంచుకోవచ్చు కాబట్టి తేడా బాగా తెలుస్తుంది. నా ఇంజన్‌కు టర్బో లేదు. లోపలికి వెళ్లే గాలి అంతే. ఇగ్నిషన్ టైమింగ్, ఇంధనం లెక్క కాస్త సర్దగలరు, అంతకంటే పెద్దగా చేయడానికి లేదు.

అయినా మనసు ఒప్పక ట్యూనింగ్ చేసే ఒక షాపుకు వెళ్లాను. రీమ్యాప్‌కు 28 వేలు, సైలెన్సర్ వైపు మార్పుకు ఇంకో 40 వేలు చెప్పారు. ఎంత పెరుగుతుందని అడిగితే ఎనిమిది, పది పీఎస్ అన్నారు. గేర్‌బాక్స్ సంగతేమిటని అడిగితే మాత్రం "ఏం కాదు సార్" అన్న మాటే తప్ప వివరం రాలేదు. అక్కడి నుంచి నేరుగా ఆటోనగర్‌లో మా పాత మెకానిక్ దగ్గరకు వెళ్లాను. ఆయన బోనెట్ కూడా ఎత్తలేదు. "ఇంజన్‌కి బలం పెంచుతారు సరే, లోపలున్న బెల్ట్‌కి ఎవరు పెంచుతారండీ?" అన్నాడు. నా నిర్ణయంలో సగం అక్కడే అయిపోయింది. సీవీటీలో ఆ బెల్ట్‌ను పుల్లీలు ఒత్తిడితో పట్టుకుని నడిపిస్తాయి. జారితే గీతలు పడతాయి, పడితే పోయేది గేర్‌బాక్సే. ఎనిమిది పీఎస్ కోసం లక్షల ఖర్చున్న వస్తువును పణంగా పెట్టడం నాకు సరిగా అనిపించలేదు.

మిగతా సగం కాగితాలు తేల్చాయి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణలో వచ్చిన 182ఏ ప్రకారం అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5 వేల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పకుండా మార్పు చేస్తే క్లెయిమ్ దగ్గర చిక్కు వస్తుంది. ఇంట్లో నలుగురం తిరిగే బండి ఇది.

అప్పుడు మెకానిక్ ఒక మంచి మాట చెప్పాడు. కొత్త బలం సంగతి తర్వాత, పోయిన బలం ముందు తెచ్చుకోమన్నాడు. ఎయిర్ ఫిల్టర్ బయటకు తీసి ఎండకు పట్టి చూపించాడు. వెలుతురు అవతలికి రావడం లేదు. మడతల్లో బూడిదరంగు దుమ్ము, ఒక మూల ఎండిపోయిన వేపాకు. రాజధాని వైపు మట్టి రోడ్ల మీద తిరిగిన దుమ్మంతా అందులోనే ఉంది. ఫిల్టర్ మార్చాం, ఇంజన్‌లోకి వెళ్లే గాలిని నియంత్రించే థ్రాటిల్ బాడీ శుభ్రం చేయించాం. గేర్‌బాక్స్ ఆయిల్ 40 వేల కిలోమీటర్లకు మార్చింది, అయినా 62 వేల కిలోమీటర్లకు మళ్లీ పూర్తిగా మార్పించాను. హోండా హెచ్‌సీఎఫ్-2 తప్ప వేరేది పోయనివ్వలేదు. సీవీటీ ఉన్నవాళ్లకు ఇది గట్టిగా చెబుతున్నాను, మామూలు ఆటోమేటిక్ ఆయిల్ ఇందులో పోయకూడదు. ముందు బ్రేక్ కాలిపర్ ఒకటి కొద్దిగా పట్టేస్తోంది, అదీ సరిచేశాం. మొత్తం కలిపి 14 వేలు దాటలేదు. మర్నాడు వారధి ఎక్కుతుంటే పెడల్ మీద కాలు వేసే తీరే మారిపోయింది.

టైర్లు కూడా మార్చాను. బండితో వచ్చినవి 175 మిల్లీమీటర్ల వెడల్పువి (175/65 ఆర్15). వాటి స్థానంలో అవే రిమ్ములకు 195 వెడల్పువి (195/60 ఆర్15) వేయించాను. చక్రం ఎత్తు ఒక్క శాతమే పెరుగుతుంది కాబట్టి స్పీడోమీటర్ తేడా పట్టించుకోనక్కర్లేదు. ఇన్సూరెన్స్ వాళ్లకు మెయిల్ పెట్టి, జవాబు దాచుకున్నాను. వానలో పట్టు స్పష్టంగా పెరిగింది. మైలేజీ ఒకటి దాకా తగ్గింది, పికప్ కూడా ఓ వెంట్రుకవాసి తగ్గింది. ఎవరైనా టైర్లు వెడల్పు చేస్తే బండి పరిగెడుతుందంటే నమ్మకండి. మలుపులో, బ్రేకులో మేలు, అంతే.

బ్రేకుల విషయం శ్రీశైలం నుంచి దిగుతున్నప్పుడు తెలిసొచ్చింది. దోర్నాల వైపు ఘాట్‌లో గేర్ లివర్ డీలోనే (మామూలు డ్రైవ్) వదిలేసి బ్రేకు మీదే దిగాను, బ్రేక్ ఆయిల్ నాలుగేళ్లుగా మార్చలేదు. సగం దిగేసరికి కాలిన వాసన, పెడల్ మెత్తబడింది. పక్కకు ఆపి అరగంట కూర్చున్నాం, పిల్లలకు ఏమీ చెప్పలేదు. తప్పు పూర్తిగా నాది. అప్పటి నుంచి రెండేళ్లకోసారి ఆయిల్ మారుస్తున్నాను, ఘాట్ దిగేటప్పుడు ఎస్‌లో (స్పోర్ట్ మోడ్) పెడుతున్నాను, ఇంజనే బండిని కొంత పట్టి ఉంచుతుంది.

ఆ ఎస్ మోడే నాకు దొరికిన అసలు పికప్. ఐదేళ్లు దాన్ని ముట్టుకోలేదు. ఇప్పుడు లారీ వెనక ఉండగానే లివర్ ఎస్‌లోకి లాగుతాను. ఆర్‌పీఎమ్ ముందే పైకి లేచి సిద్ధంగా ఉంటుంది. అద్దం చూసుకుని, ఇండికేటర్ వేసి, పెడల్ పూర్తిగా కాకుండా ముప్పావు వంతు తొక్కుతాను. మోతకు, వేగానికి మధ్య ఉండే ఆ ఖాళీ చాలావరకు తగ్గుతుంది. దాటగానే మళ్లీ డీ.

టర్బో పెట్రోల్, మామూలు గేర్లతో నడిచే టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్నవాళ్లు రీమ్యాప్ ఆలోచిస్తే నేను వద్దనను, వారంటీ అయిపోయి, ఇన్సూరెన్స్‌తో మాట్లాడుకుని, గేర్‌బాక్స్ ఎంత టార్క్ తట్టుకుంటుందో తెలుసుకున్నాక. నాలాంటి టర్బో లేని సీవీటీకి మాత్రం వద్దనే చెబుతాను. మా బావమరిది ఇప్పటికీ అడుగుతూనే ఉంటాడు. ఈ నెల వెనక షాకబ్జార్బర్లు చెమ్మగా కనిపిస్తున్నాయి. దసరాకి ఇంద్రకీలాద్రి రద్దీ తగ్గాక ఆటోనగర్ తీసుకెళ్లి మార్పించాలి. అవి కూడా కంపెనీవే వేయిస్తాను.