గౌచర్ వైద్యం కోసం: ఆమదాలవలస నుంచి వెల్లూరు, హైదరాబాద్

మా అక్క కూతురికి ఆరేళ్లు. పొట్ట ఉబ్బి, ఒళ్లు పాలిపోయి, ఆటల మధ్యలోనే చతికిలబడేది. శ్రీకాకుళంలో ప్లీహం (పొట్టలో ఎడమవైపు ఉండే స్ప్లీన్) బాగా పెరిగిందన్నారు. ఏజెన్సీని ఆనుకుని ఉన్న జిల్లా కాబట్టి ముందు మలేరియాకూ, తరువాత సికిల్ సెల్, తలసీమియాలకూ పరీక్షలు చేశారు. ఏదీ బయటపడలేదు. విశాఖపట్నంలో ఎముక మజ్జ తీసి చూసిన డాక్టరు గారు, నలిపిన కాగితంలా కనిపించే కణాలు ఉన్నాయనీ, ఒక ఎంజైమ్ లోపంతో పుట్టుకతోనే వచ్చే గౌచర్ వ్యాధి కావచ్చనీ చెప్పి, జన్యు వ్యాధులు చూసే జెనెటిక్స్ విభాగం ఉన్న చోటికి వెళ్లమన్నారు. పెద్దాసుపత్రికి తీసుకెళ్లమన్నవాళ్లు ఊరినిండా ఉన్నారు. ఏ విభాగానికి వెళ్లాలో చెప్పింది ఆయన ఒక్కరే. ఆ మేలు మరువలేం.

మొదట తమిళనాడులోని వెల్లూరు సీఎంసీకి (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆసుపత్రికి) వెళ్లాం. కాట్పాడిలో దిగి ఆటో ఎక్కాలి. బస విషయంలో వెల్లూరుకు సాటి లేదు. గాంధీ రోడ్డు చుట్టుపక్కల లాడ్జీలన్నీ రోగుల కోసమే ఉన్నట్టుంటాయి. గదిలోనే వండుకోవచ్చు, పొయ్యి, గిన్నెలు అద్దెకు దొరుకుతాయి. చిత్తూరు దగ్గరే కాబట్టి తెలుగుకూ లోటు లేదు. పాపకు ఉప్పు తగ్గించిన చారన్నం అక్క తన చేత్తో వండి పెట్టుకోగలిగింది. అయితే అపాయింట్‌మెంటు ముందే తీసుకుని బయలుదేరాలి, లేకపోతే గది అద్దె పెరుగుతూ పోతుంది.

అక్కడ డాక్టరమ్మ ముందుగా అడిగింది రిపోర్టులు కాదు, మూడు తరాల చుట్టరికం. అక్కది మేనరికం. ఆ మాట చెప్పి అక్క తల వంచుకుంది. "ఇందులో మీ తప్పేమీ లేదమ్మా. మీ ఇద్దరిలోనూ ఒకే జన్యువులో లోపం ఉంది, అది మీకు తెలిసే వీలే లేదు" అని ఆమె కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. ఊళ్లో అత్తవారి వైపు నుంచి ఎన్ని మాటలు పడిందో మాకు తెలుసు. డాక్టరు నోట ఆ మాట వినడం అక్కకు మందుతో సమానం.

రక్తంలో గ్లూకోసెరెబ్రోసిడేజ్ అనే ఎంజైమ్ బాగా తక్కువగా ఉందని తేలింది. ఆ ఎంజైమ్‌నే రెండు వారాలకోసారి సెలైన్‌లా నరంలోకి ఎక్కించాలి, అదీ జీవితాంతం. మోతాదు బరువును బట్టి ఉంటుంది కాబట్టి పాప పెరిగే కొద్దీ ఖర్చూ పెరుగుతుంది. మామూలు సంసారం మోయగలిగిన ఖర్చు కాదది.

ఇక్కడే మా లెక్క మారింది. జబ్బు పేరు తేల్చుకోవడానికి ఎంత దూరమైనా పోవచ్చు. రెండు వారాలకోసారి తిరగాల్సిన చోటును మాత్రం రైలునూ, డబ్బునూ చూసుకునే ఎంచుకోవాలి. 2021 నాటి అరుదైన వ్యాధుల జాతీయ విధానం కింద, ప్రభుత్వం గుర్తించిన ఆసుపత్రి కేంద్రాల్లో చికిత్సకు ఒక్కో రోగికి రూ. 50 లక్షల వరకు సాయం ఉంది. ఆ డబ్బు కుటుంబం చేతికి రాదు, ఆ ఆసుపత్రి కేంద్రం ద్వారానే ఖర్చవుతుంది. హైదరాబాద్‌లో నిమ్స్, ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీ అనే జన్యు పరీక్షల సంస్థ కలిసి అలాంటి కేంద్రం. అందుకే మాకు హైదరాబాదే సరైనదనిపించింది.

ఆమదాలవలసలో, అంటే శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌లో, ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారి సికింద్రాబాద్‌లో దిగుతాం. పాపకు నిద్ర చెడదు. సికింద్రాబాద్ ఈస్ట్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, పంజాగుట్టలో దిగితే నిమ్స్ దగ్గరే. ప్లీహం పెరిగి పొట్ట మీద దెబ్బ తగలకూడని పిల్లతో సిటీ బస్సు కంటే అదే మేలు. బస మాత్రం వెల్లూరుతో పోల్చలేం. ఆసుపత్రికి దగ్గరని దిగిన ఒక లాడ్జిలో కిటికీ లేదు, లిఫ్టు లేదు, మర్నాడు అద్దె పెంచి అడిగారు. ఆ తరువాత అమీర్‌పేట మెట్రోకు నడిచి వెళ్లగలిగే దూరంలో, వంటకు ఒప్పుకునే గది పట్టుకున్నాం. నాలుగు అడుగులు ఎక్కువైనా అదే నయం.

నిమ్స్ ఓపీలో రద్దీ ఎక్కువ, పొద్దున్నే చేరుకోవాలి. జెనెటిక్స్ విభాగంలో మాత్రం తొందరపెట్టకుండా తెలుగులో విడమరిచి చెప్పారు. సాయం కోసం దరఖాస్తు పెట్టించారు, దాని కోసం ఎదురుచూస్తున్నాం.

ఈ దారిలో బయలుదేరేవాళ్లు ఎంజైమ్ రిపోర్టుతో ఆగకుండా, జన్యువులో ఏ మార్పు ఉందో రాసిన రిపోర్టు కూడా అడిగి తీసుకోండి. ఇద్దరిలోనూ లోపం ఉన్న తల్లిదండ్రులకు ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మళ్లీ గర్భం వస్తే 11 నుంచి 13 వారాల మధ్య మాయ (ప్లసెంటా) నుంచి చిన్న ముక్క తీసి, బిడ్డకు జబ్బుందో లేదో పరీక్షించవచ్చు. తల్లిదండ్రుల జన్యు మార్పు ముందే తెలిసి ఉంటే ఆ పరీక్షకు ఆలస్యం కాదు. కాబట్టి గర్భం రాకముందే ఆ కాగితం చేతిలో ఉండాలి.