లింకు పెట్టడం తేలికే, ఎందుకు పెట్టామో రాయడమే పని

కొన్నేళ్లుగా నా నోట్సన్నీ సాదా టెక్స్ట్ ఫైళ్లలో రాసుకుని ఒకదానికొకటి లింకు చేసుకుంటున్నాను. బాగుందా అంటే బాగుంది, మానే ఉద్దేశం లేదు. కానీ యూట్యూబ్‌లో చూపించే ఆ చుక్కలూ గీతల గ్రాఫ్ (ఒక్కో నోట్ ఒక చుక్క, ఒక్కో లింకు ఒక గీత) చూసి ఇందులోకి దిగేవాళ్లకి ఒక మాట చెప్పాలండి: అది నలుగురికీ చూపించి గొప్పలు పోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. నోట్స్ తక్కువగా ఉన్నప్పుడు అందులో మనకి తెలియనిదేమీ ఉండదు, ఎక్కువయ్యాక చిక్కుపడిన వలలా ఉంటుంది.

నా పని భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల మీద. నీళ్ల టెస్టులు, మేత లెక్కలు, జబ్బులు, రోజంతా రైతులతో ఫోన్లు. ఇంటి దగ్గర కాస్త వరి కూడా ఉంది, సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ) రెండూ వేస్తాం. కాబట్టి ఇది థీసిస్ రాసేవాళ్ల సమీక్ష కాదు, చెరువు గట్టు మీద నిలబడి ఒంటిచేత్తో ఫోన్లో టైపు చేసేవాడిది.

సరంజామా మామూలుదే. ఒక ఫోల్డరు, అందులో మార్క్‌డౌన్ ఫైళ్లు, అంటే కొన్ని గుర్తులు కలిపిన సాదా టెక్స్టే. ల్యాప్‌టాప్‌లోనూ ఫోన్లోనూ అబ్సిడియన్ అనే నోట్స్ యాప్‌తో తెరుస్తాను, రెంటి మధ్యా ఫైళ్లని ఒకేలా ఉంచే సింక్‌థింగ్ నడుస్తుంది. అబ్సిడియన్ వాడటానికి డబ్బు కట్టక్కర్లేదు, ఫైళ్లు మన దగ్గరే ఉంటాయి, రేపు ఆ యాప్ లేకపోయినా నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటాయి. లింకు అంటే రెండేసి చదరపు బ్రాకెట్ల మధ్య ఆ నోట్ పేరు రాయడం, అంతే: [[ఆల్కలినిటీ]]. ఏ నోట్ తెరిచినా దాన్ని మనం ఎక్కడెక్కడ తలుచుకున్నామో ఆ వాక్యాలన్నీ ఒకచోట చూపిస్తుంది, వాటినే బ్యాక్‌లింకులంటారు. నన్నడిగితే ఈ మొత్తం వ్యవహారంలో అసలు సరుకు అదొక్కటే.

ఎలా పనికొస్తుందో చెప్తాను. పెద్ద వాన పడితే చెరువు నీళ్లు పలచబడి ఉప్పదనం, ఆల్కలినిటీ (పీహెచ్ ఊగకుండా పట్టి ఉంచే గుణం) రెండూ పడిపోతాయి. ఆల్కలినిటీ 100 పీపీఎం కిందికి పోతే పీహెచ్ పొద్దుటికీ సాయంత్రానికీ బాగా ఊగుతుంది, మోల్టింగ్ అయిన (పాత పెంకు విడిచిన) రొయ్యకి పెంకు త్వరగా గట్టిపడదు. ఇదంతా ఆల్కలినిటీ నోట్‌లో రాసే ఉంది గానీ, అది ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. దొరకనిది కింద బ్యాక్‌లింకుల్లో ఉంటుంది. ఒక చెరువు డైరీలోంచి: "వరసగా వాన, చెక్ ట్రేలో మెత్త పెంకువి కనబడ్డాయి, [[ఆల్కలినిటీ]] 80 ఉండటం వల్లే అనుకుంటున్నా, సోడా బైకార్బ్ వేయించాను." ఇంకో చెరువులోంచి: "ఇక్కడా మెత్త పెంకే, కానీ [[ఆల్కలినిటీ]] 140 ఉంది, కారణం అది కాదు, మినరల్స్ చూడాలి." ఆ రెండో వాక్యం ఖరీదు ఎంతో చెప్పలేను. ఎవరైనా రైతు టెన్షన్‌గా ఫోన్ చేసి "పెంకు మెత్తగా ఉందండి, సోడా కొట్టేయమంటారా" అంటే, ఆగండి, ముందు నీళ్లు టెస్ట్ చేయిద్దాం అని ధైర్యంగా అనగలిగేది దాని వల్లే.

ఇప్పుడు ఆ వాక్యాల బదులు "చూడు: [[ఆల్కలినిటీ]]" అని మాత్రమే ఉందనుకోండి. ఎందుకు చూడాలి? ఆ వేళ మనకి తెలుసు, ఆర్నెల్ల తర్వాత మనకే తెలియదు. అందుకే నా రూలు, లింకు ఎప్పుడూ వాక్యం మధ్యలో ఉండాలి, పక్కన "వల్ల" అనో "కానీ" అనో "ఇది తప్పు, ఎందుకంటే" అనో ఒక మాట ఉండాలి. నోట్ చివర "సంబంధిత నోట్స్" అని పది లింకులు గుమ్మరించే అలవాటు చాలామందికి ఉంది, అది శుద్ధ దండగ. ఈ విషయంలో అందరూ తలుచుకునే జర్మనీ సోషియాలజిస్టు నిక్లాస్ లూమన్ సుమారు 90 వేల చీటీలు చేత్తో రాసి, నంబర్లతో కలుపుకుంటూ వెళ్లాడు. చేత్తో నంబరు వేయాలంటే ఎవరైనా ఒక క్షణం ఆలోచిస్తారు కదా. మనకి రెండు బ్రాకెట్లు కొట్టగానే నోట్ల పేర్ల లిస్టు వచ్చేస్తుంది, ఆలోచన మన వంతు అని గుర్తుపెట్టుకోవాలి, అంతే.

ఫోల్డర్లు సరిపోవా అని అడుగుతారు. వరికి ఒకటి, చెరువులకి ఒకటి పెట్టుకుంటే చాలావరకు సరిపోతాయి. సరిపోనివి మాత్రం సరిగ్గా మనకి కావలసినవే. ఎండాకాలం కాలువలు కట్టేస్తారు, దాళ్వాకి చివరి తడి దొరుకుతుందా లేదా అనేది ఆ తేదీ మీద ఉంటుంది. అదే తేదీ కాలువ నీళ్ల మీద ఆధారపడ్డ చెరువుకీ కావాలి, కొత్త నీళ్లు రాక, ఎండకి ఉప్పదనం పెరుగుతూ పోతుంది కాబట్టి. "కాలువల మూత" అనే నోట్ ఏ ఫోల్డర్లో పెట్టినా రెండో దానికి అన్యాయమే. లింకులతో ఆ గొడవ లేదు. "ధవళేశ్వరం హెచ్చరికలు" కూడా అలాంటిదే: బ్యారేజీ దగ్గర గోదావరి 11.75 అడుగులకి వస్తే మొదటి వరద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది అని మూడు లైన్ల నోట్, దానికింద 2022 జూలై వరదప్పుడు లంకల్లో చుట్టాల గురించి రాసుకున్నవీ, మేత లోడు ఏ రోడ్డున రాలేదో రాసుకున్నవీ వచ్చి చేరాయి.

ఇక తెలుగులో రాసేవాళ్లకి మాత్రమే ఉండే బాధలు. ఇంగ్లీషు సమీక్షల్లో ఇవి కనబడవు.

మొదటిది విభక్తులు. [[దాళ్వా]]లో అని బ్రాకెట్ బయట "లో" తగిలించేస్తే బాగానే ఉంటుంది. "పొలం" వచ్చిందా, "పొలానికి" అవుతుంది, [[పొలం|పొలానికి]] అని మధ్యలో నిలువు గీత పెట్టి రెండుసార్లు రాయాలి. తడిచేత్తో ఫోన్లో ఆ నిలువు గీత వెతుక్కోవడం ఎంత చిరాకో పడ్డవాడికే తెలుసు. ఊరు, చేను, ఏరు లాంటి మాటలూ అంతే, విభక్తి తగలగానే రూపు మారిపోతాయి. అందుకని నోట్‌కి పేరు పెట్టేటప్పుడే మారని మాట ఏరుకుంటాను, లేదంటే "[[పొలం]] దగ్గర" అని వాక్యమే తిప్పేస్తాను.

రెండోది ఒకే వస్తువుకి నాలుగు పేర్లు. మారుటేరు వరి రకం ఒకటి బస్తా మీద ఎంటీయూ 7029, కాగితాల్లో స్వర్ణ, మా నాన్న నోట్లో ఒట్టి 7029. నోట్ పైన మారుపేర్లు రాసే అలియాస్‌ల లైన్లో ఇవన్నీ రాసి పెడితే ఏది కొట్టినా అదే నోట్ లిస్టులోకి వస్తుంది. నీళ్లు, నీళ్ళు రెండు స్పెల్లింగులూ అక్కడే పడేయండి. చాలా మంచి సదుపాయం, ఇది లేకపోతే తెలుగులో ఈ పద్ధతే నడవదని నా అభిప్రాయం.

మూడోది అసలు దొంగ. న్యూస్ సైట్లలోంచి "ఏరేటర్" (చెరువు నీళ్లలో గాలి కలిపే యంత్రం) లాంటి మాట కాపీ చేసి అతికిస్తే, చాలాసార్లు చివరి పొల్లు వెనక కంటికి కనబడని ఒక క్యారెక్టర్ వస్తుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. మాట మధ్యలో అది అవసరమే, అది లేకపోతే కొన్నిచోట్ల హల్లులు కలిసిపోయి ఒత్తు పడిపోతుంది. చివర ఉంటే మాత్రం ఏ తేడా కనబడదు, కంప్యూటర్‌కి మాత్రం అది వేరే మాట. వెతికితే దొరకదు, లింకు కొడితే అదే పేరుతో ఇంకో ఖాళీ నోట్ పుడుతుంది. చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు ఏరేటర్ నోట్లు పక్కపక్కన కనబడ్డాయంటే కారణం ఇదే. ఖాళీ ముందో లైను చివరో ఉన్న ఆ క్యారెక్టర్లని మాత్రమే తీసేసే చిన్న స్క్రిప్ట్ ఒకటి ల్యాప్‌టాప్‌లో పెట్టుకున్నాను, అప్పుడప్పుడూ తిప్పుతాను.

ఫైలు పేరు పొడుగు సంగతి కూడా తెలుసుకోండి. విండోస్ 255 క్యారెక్టర్ల దాకా ఒప్పుకుంటుంది, ఆండ్రాయిడ్ ఫోను 255 బైట్లే. యూటీఎఫ్ 8లో (అక్షరాల్ని బైట్లుగా దాచే పద్ధతి) తెలుగు కోడ్ ఒక్కోటి 3 బైట్లు, గుణింతం ఉంటే 6, ఒత్తు కూడా ఉంటే 12. అంటే ల్యాప్‌టాప్‌లో హాయిగా సేవ్ అయిన పొడుగాటి పేరు ఫోన్లోకి సింక్ కాకుండా ఆగిపోతుంది. పేరు ఇరవై అక్షరాల లోపే ఉంచితే గొడవుండదు. పేరు మార్చాలనుకుంటే యాప్ లోపలే మార్చండి, లింకులన్నీ అదే సరిచేస్తుంది, ఫైల్ మేనేజర్‌లోకి వెళ్లి మారిస్తే లింకులు తెగుతాయి.

సింక్‌థింగ్‌తో ఒక్క జాగ్రత్త: కరెంటు పోయి వైఫై లేనప్పుడు ఒకే నోట్‌ని రెండుచోట్లా దిద్దితే కాన్‌ఫ్లిక్ట్ అని రెండో కాపీ తయారవుతుంది. ఏదీ పోదు, కానీ కూర్చుని కలుపుకోవాలి. నేను ఫోన్లో ఆ రోజు డైరీ తప్ప వేరే ఫైలు ముట్టుకోను, మిగతావన్నీ రాత్రి ల్యాప్‌టాప్‌లోనే.

పాత కాపీల కోసం గిట్ అనే ప్రోగ్రాం వాడేవాళ్లకి చివరగా ఒకటి. స్టేటస్ అడిగితే తెలుగు ఫైలు పేర్ల బదులు 340, 260 అంటూ అంకెలు కనబడతాయి, ఫైళ్లు పాడైపోయాయని కంగారుపడకండి. కోర్ డాట్ కోట్‌పాత్ (core.quotepath) అనే సెట్టింగుని ఫాల్స్ చేస్తే పేర్లు మామూలుగా తెలుగులోనే వస్తాయి.