మెగెల్లానిక్ గుచ్ఛాల వయసు తేల్చడానికి పార్సెక్ ఐసోక్రోన్లు: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

మన పాలపుంత పక్కనున్న చిన్న గెలాక్సీ అయిన పెద్ద మెగెల్లానిక్ మేఘంలోని నక్షత్ర గుచ్ఛాల వయసు లెక్కగట్టే పని మొదలుపెడుతున్నవాళ్లకి నేను ముందు చెప్పేది ఇదే: ఇటలీలోని పడువా బృందం వాళ్ల పార్సెక్ నక్షత్ర మోడళ్ల ఐసోక్రోన్లు (ఒకే వయసు నక్షత్రాల గీతలు) తీసుకోండి. ఉచితం, ఇన్‌స్టాల్ చేసే పనే లేదు. వెబ్ ఫారంలో వయసులు, లోహాంశం (హీలియం కన్నా బరువైన మూలకాల వాటా), ఏ టెలిస్కోప్ ఫిల్టర్లు కావాలో ఇస్తే టేబుల్ వచ్చేస్తుంది.

ఒకే వయసు నక్షత్రాలు రంగు-ప్రకాశం గ్రాఫులో ఏ గీత మీద ఉండాలో ఆ టేబుల్ చెబుతుంది. బరువైన నక్షత్రాలకి హైడ్రోజన్ ముందే అయిపోయి మెయిన్ సీక్వెన్స్ (హైడ్రోజన్ మండించే నక్షత్రాలు ఉండే పట్టీ) వదిలేస్తాయి కాబట్టి, గీత అక్కడ పక్కకి తిరిగే మలుపు ఎంత కిందికి దిగితే గుచ్ఛం అంత పాతది. దూరం మాత్రం మనమే కలపాలి, కానీ ఒకదానికొకటి అడ్డొచ్చే గ్రహణ జంట తారలతో అది 2019 నాటికే 1 శాతం కచ్చితత్వంతో తేలింది, దాదాపు 1,62,000 కాంతి సంవత్సరాలు. ఆ దూరానికి సరిపడా 18.48 మాగ్నిట్యూడ్ (ప్రకాశం కొలత, అంకె పెరిగితే మసక) కలిపితే ఆ టెన్షన్ పోయినట్టే.

అసలు తలనొప్పి ఫీల్డ్ నక్షత్రాలు. గుచ్ఛానికి ముందూ వెనకా ఉన్న మేఘం నక్షత్రాలన్నీ గ్రాఫులోకి వచ్చి పడతాయి, పక్కనే అంతే విస్తీర్ణం తీసుకుని వాటిని గణాంకాల ప్రకారం తీసేయకుండా ఐసోక్రోన్ వేస్తే ఏ వయసైనా సరిపోయినట్టే కనిపిస్తుంది. ఇంకోటి, టేబుల్లో వయసు పది ఆధారంగా లాగరిథంలో ఉంటుంది, 8.3 అంటే 20 కోట్ల ఏళ్లు, 8.4 అంటే 25 కోట్లు. 0.1 తేడాని చిన్నది అనుకోకండి.

ఎన్‌జీసీ 1846 లాంటి గుచ్ఛాల దగ్గర ఒక్క గీత అస్సలు చాలదు. మలుపు వెడల్పుగా పరుచుకుని ఉంటుంది, నక్షత్రాలు వేగంగా తిరగడమే అందుకు ముఖ్య కారణమని ఇప్పుడు గట్టి ఆధారాలున్నాయి. అక్కడ భ్రమణం కలిపిన పార్సెక్ 2.0, మిస్ట్ (ఇంకో బృందం ఐసోక్రోన్లు) మోడళ్లు రెండూ వాడి పోల్చి చూడాల్సిందే.

హాడ్జ్ 11 లాంటి 1,200 కోట్ల ఏళ్లు దాటిన గుచ్ఛాల్లో మలుపు 22వ మాగ్నిట్యూడ్‌కి కూడా కింద ఉంటుంది, అందుకే హబుల్ డేటా ఉంటేనే వాటి జోలికి వెళ్లండి. నడివయసువి వెతికితే, 300-400 కోట్ల ఏళ్ల నుంచి 1,200 కోట్ల దాకా ఈఎస్‌ఓ 121-ఎస్‌సీ03 తప్ప దాదాపు ఏమీ దొరకవు. మీ ఫిట్ ఆ ఖాళీలో పడితే ముందు ఫీల్డ్ తీసివేత, లోహాంశం మళ్లీ చూసుకోండి.