హెచ్చరిక: జీబీ లెక్కన ఐక్యూ (ముడి రేడియో సిగ్నల్) రికార్డింగులు అమ్మే ఆయన దగ్గర కొనకండి

హనుమకొండ, కాజీపేటలో ఎస్‌డీఆర్ (సాఫ్ట్‌వేర్‌తో నడిచే రేడియో) మీద ప్రాజెక్టులు చేసే పిల్లలకు ఆయన ఎవరో తెలుసు, పేరు రాయను. మా తమ్ముడి ఫైనలియర్ ప్రాజెక్టుకు 400 జీబీ రికార్డింగులు కొన్నాం. జీబీకి 20 రూపాయల చొప్పున 8,000. హార్డ్ డిస్క్ కూడా మాదే. "12 బిట్ రిసీవర్‌తో పట్టినవి, 32 బిట్ ఫ్లోట్‌ల ఇస్త" అన్నాడు. ఫ్లోట్ అంటే దశాంశ సంఖ్యల ఫార్మాట్. వచ్చినవి 8 బిట్ డాంగిల్‌తో (యూఎస్‌బీకి పెట్టే చిన్న రిసీవర్) పట్టినవి.

తమ్ముడి ప్రాజెక్టు, గట్టిగా వచ్చే ఎఫ్‌ఎం స్టేషన్ పక్కన ఉన్న సన్నటి సిగ్నల్‌ను పట్టుకోవడం. దానికి బిట్లే ప్రాణం, అవి ఎక్కువుంటే సిగ్నల్‌ను అంత సన్నటి మెట్లుగా కొలవచ్చు. 8 బిట్లలో ఉండేవి 256 మెట్లు, గట్టి, సన్నటి సిగ్నళ్ల మధ్య పట్టగలిగే తేడా థియరీ ప్రకారం సుమారు 50 డీబీ (డెసిబెల్). 12 బిట్లలో 4,096 మెట్లు, సుమారు 74 డీబీ. పక్క స్టేషన్ గట్టిగా ఉంటే ఆ 24 డీబీ తేడాలోనే సన్నటి సిగ్నల్ మునిగిపోతుంది. వీడు రాత్రుళ్లు కూర్చుని తన కోడ్‌లోనే తప్పుందనుకుని మళ్లీ మళ్లీ రాశాడు. ఆ టెన్షన్ చూడలేక డిస్క్ నేను తీసుకున్నాను. నేనూ ఈసీఈనే చదివాను.

నంపైలో (పైథాన్‌లో లెక్కలు చేసే లైబ్రరీ) ఒక ఫైలు తెరిచి, అందులో వేర్వేరు విలువలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టించాను. కోట్ల నంబర్లున్న ఫైల్లో వేర్వేరు విలువలు 256 మాత్రమే. ఇంకో ఫైలు తెరిచాను, అదీ 256. ఒక్కో విలువను 127.5తో గుణించి 127.5 కలిపితే 0 నుంచి 255 దాకా పూర్ణసంఖ్యలు వరసగా వచ్చాయి. ఆర్‌టీఎల్ చిప్ ఉన్న డాంగిల్ ఇచ్చే, ప్లస్ మైనస్ గుర్తులేని 8 బిట్ నంబర్లు అచ్చంగా అవే.

ఫ్లోట్‌లోకి మార్చడం తప్పు కాదు, జీఎన్‌యూ రేడియో సాఫ్ట్‌వేర్ లోపల పనిచేసేది ఫ్లోట్‌తోనే. కానీ ఐ, క్యూ (సిగ్నల్‌ను చెప్పే జంట నంబర్లు) రెండూ కలిపి ఒక శాంపిల్‌కు డాంగిల్ ఇచ్చేది 2 బైట్లు, ఫ్లోట్‌లో అదే 8 బైట్లవుతుంది. సమాచారం రవ్వంత కూడా పెరగదు, సైజు మాత్రం నాలుగింతలు. అంటే మాకు అందిన అసలు సరుకు 100 జీబీ, ఆయన రేటు ప్రకారమే 2,000 రూపాయలది. పావుకిలో పప్పు పెద్ద సంచిలో పోసి కిలో ధర గుంజినట్టు.

ఫోన్ చేసి, "అన్నా, ఇవి 8 బిట్ ఫైళ్లు" అని మర్యాదగానే చెప్పాను. ఆయన జవాబు: "పన్నెండు అడిగితే ముప్పై రెండు ఇచ్చిన, సంతోషపడాలె గదా?" 256 విలువల సంగతి ఎత్తగానే గొంతు మారింది. "చెల్లె, ఇవి నీకు సమజ్ కావు. మీ తమ్మునికి ఫోన్ ఇయ్యి." స్పీకర్‌లో ఉంది, తమ్ముడు పక్కనే ఉన్నాడు. నేను లెక్క చెబుతుంటే మధ్యలో ఆపి, "ఫైల్ ఓపెన్ అయితుందా లేదా? వాటర్‌ఫాల్ కనబడుతుందా లేదా? ఇంకేం గావాలె?" అని కట్ చేశాడు. (వాటర్‌ఫాల్ అంటే సిగ్నళ్లను రంగుల్లో చూపే చిత్రం.) తర్వాత నా నంబర్ బ్లాక్. డబ్బు పోయినదానికంటే, తమ్ముడి ముందు నన్ను ఆ మాట అన్నందుకు ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

ఫైళ్ల పక్కన సిగ్‌ఎంఎఫ్ మెటాడేటా (రికార్డింగు వివరాలు రాసి ఉండే ఫైలు) కూడా ఇవ్వలేదు. ముడి ఐక్యూ ఫైల్లో హెడర్ ఉండదు. శాంపిల్ రేటు, సెంటర్ ఫ్రీక్వెన్సీ, నంబర్లకు గుర్తుందా లేదా, ఏదీ ఫైలు తనంతట తాను చెప్పదు. డాంగిల్ ఫైలును హ్యాక్‌ఆర్‌ఎఫ్ అనే ఇంకో రేడియో వాడే గుర్తున్న 8 బిట్ అనుకుని చదివితే, నడిమిన నిశ్శబ్దంగా ఉండాల్సిన 127, 128 కాస్తా +127, -128 అయి నిండా రొదే కనిపిస్తుంది.

ఎవరి దగ్గరైనా సరే, కొనేముందు ఏ రిసీవర్‌తో పట్టారో రాతపూర్వకంగా అడగండి, ఒక నిమిషం ముక్క తెప్పించుకుని విలువలు లెక్కపెట్టండి. సెకనుకు 24 లక్షల శాంపిళ్ల రేటులో ఆ నిమిషం డాంగిల్ ఫార్మాట్‌లో 288 ఎంబీ, 16 బిట్‌లో 576, ఫ్లోట్‌లో 1,152. అందుకే ధర నిమిషాల లెక్కన మాట్లాడండి, జీబీ లెక్కన వద్దు.

ఈయన దగ్గర ఇప్పటికే కొన్నవాళ్లు మీ ఫైళ్లు ఈ రాత్రే చెక్ చేయండి. 256 వస్తే కింద రాయండి, అందరం కలిసి డబ్బు వాపసు అడుగుదాం.